తుక్కు కొట్టులో దొరికిన తలుపు

జపాన్ కంపెనీ ఒకప్పుడు ఆపేసిన చౌక కారు పేరును మన దేశానికి మళ్లీ తెచ్చి, మళ్లీ ఆపేసింది. నాది ఆ కారే. పోయిన వారం గొర్రెల మందను తప్పించబోయి గోడకు రాస్తే డ్రైవర్ వైపు తలుపు పాడైంది, కొత్తది ఎక్కడా దొరకలేదు. ఈ ఉదయం ప్రొద్దుటూరు తుక్కు కొట్టులో అదే రంగు తలుపు కనిపిస్తే బిగించుకుని పులివెందులకు బయల్దేరాను.

చిలమకూరు దగ్గర టీ కోసం ఆగాను. దిగి తలుపు వేయగానే టీ కొట్టు వెనక ఇంట్లోంచి ఒక ముసలామె గొంతు వినిపించింది.

"వచ్చినావా నాయనా? కాళ్లు కడుక్కోని రా."

టీ పోస్తున్న పెద్దాయన చేయి ఆగిపోయింది. బయటికొచ్చి, తలుపు పిడి కింద వేళ్లతో తడిమాడు. అక్కడొక చిన్న సొట్ట ఉంది.

"ఈ తలుపు యాడిదప్పా?" అన్నాడు. చెప్పాను.

"మా కొడుకుదే. లారీ గుద్ది వాడు పోయినాడు, బండిని తుక్కుకిచ్చినాం. ఈడ దినామూ ఎన్ని కార్లు ఆగుతాయో! మా ఆడమనిషి యా కారు తలుపు సప్పుడుకూ పలకల్యా."

టీ తాగకుండానే కారెక్కబోయాను. ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"తలుపు మెల్లగా ఎయ్యప్పా. మళ్లా పోతాండాడని ఆమెకు తెల్వగూడదు."

మలుపు తిరిగేదాకా తలుపు వేయకుండా చేత్తో పట్టుకునే నడిపాను.

ఇంటికొచ్చి ఇప్పటికి రెండు సార్లు కారు దాకా వెళ్లి, తలుపు ముట్టుకోకుండా తిరిగొచ్చాను. మీరైతే ఉంచుకుంటారా, ఇచ్చేసి వస్తారా?