ఆయుధపూజ తర్వాత తెగిన గీత

ఇంటర్ తప్పాక తిరుపతి నుంచి శ్రీ సిటీ బస్సెక్కినదాన్ని నేను. మా ఫ్యాక్టరీలో ఏసీ ఫ్యాన్లకు చిన్న మోటార్లు చేస్తాం. మొదట్లో ప్యాకింగు, రోజంతా నిలబడే పని. తర్వాత టెస్టింగ్ బెంచీకి మార్చారు. అక్కడ కూర్చోడానికి స్టూలుంది! మోటారు బిగించి తిప్పితే దాని అదురును సెన్సార్ పట్టుకుంటుంది. అది వైరు గుండా కంప్యూటర్లోని కార్డుకు చేరి, తెర మీద గీతగా పరుగెడుతుంది. గీత చూసి మోటారు మంచిదో కాదో చెప్పాలి. నేను చెప్తే దాటుతుంది, లేకపోతే ఆగుతుంది. అంతకు ముందు నా మాట మీద ఏదీ ఆగినట్టు గుర్తులేదు.

పాత కంప్యూటర్ చచ్చిపోయి కొత్తది వచ్చింది. అందులో వేసిన ప్రత్యేకమైన సిస్టమ్‌కు మా కార్డు అసలు తెలీదు. ఆ రెంటికీ మాట కలిపే ప్రోగ్రామే డ్రైవర్ అట. అది రాయడానికి గూడూరు నుంచి ఒక ఇంజనీరక్క వచ్చింది.

"మామూలు సిస్టమ్ వేసుకుంటే పోలేదా అక్కా?"

"మామూలుది దానికి తీరినప్పుడు పలుకుతాది. ఇది అట్ట కాదు, సెన్సార్ పిలిచినప్పుడే పలకాల. ఆలస్యంగా పలికితే, సరిగ్గా పలికినా తప్పే."

నాకు కంపెనీ బస్సు గుర్తొచ్చింది. సరైన స్టాపులోనే నిలబడతాం, కానీ బస్సు మలుపు తిరిగిపోయాక ఏం లాభం?

అక్క రాసిన డ్రైవర్ బాగానే నడిచింది. గీత ముగ్గు పోసినట్టు తెగకుండా సాగేది. ఇంతలో ఆయుధపూజ వచ్చింది. పూజ అయిన మర్నాటి నుంచి గీత పళ్లూడిన దువ్వెనలా మధ్యమధ్యలో తెగడం మొదలైంది. అక్క తన ప్రోగ్రామునే అనుమానించి, రాసిందంతా మళ్లీ మళ్లీ చదివింది. మేనేజర్ వచ్చి, సోమవారం కస్టమర్లు వచ్చేలోగా సరికాకపోతే బెంచీ ఎత్తేస్తాననీ, అమ్మాయిలంతా ప్యాకింగుకు పోవాలనీ చెప్పి వెళ్లాడు. నేను నా స్టూలు వైపు చూసుకున్నాను.

మధ్యాహ్నం చిత్రాన్నం డబ్బా తెరిచి అక్క ముందు పెట్టాను. ఆమె కెలుకుతోందేగానీ తినడం లేదు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు, పూజ కబుర్లు ఎత్తుకున్నాను.

"నువ్వు గూడూరికి పోయింటివి గానీ అక్కా, మా మెయింటెనెన్సన్న చేసిన అలంకారం సూడాల్సింది. కంప్యూటరు పొట్ట ఇప్పి, దుమ్మంతా దులిపి, పెండ్లికూతురి మాదిరి మాల వేసినాడు!"

అక్క చెయ్యి ఆగింది. "పొట్ట ఇప్పినాడా? కార్డు గూడా బయటికి తీసినాడా?"

అన్నను పిలిపించింది. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"తీసినామ్మా. తుడిచి మళ్లా పెట్టేసినా గదా."

"యాడుండేదో ఆడనేనా?"

"లేదు. వైరు మాలకు తగులుతా ఉన్నింది. పైన స్లాటు ఖాళీగా ఉండాదని దాంట్లో పెట్టినా. ఏం, తప్పాయనా?"

"మాల కోసరం మార్చినావా అన్నా!" అక్కది కోపమో నవ్వో తెలీలేదు.

పై స్లాటులో పెడితే మా కార్డుకూ, ఆఫీసుతో కలిపే నెట్‌వర్క్ కార్డుకూ కంప్యూటర్‌ను పిలవడానికి ఒకటే గంటట, ఒకే కాలింగ్ బెల్లున్న రెండు కాపురాల్లాగా. మోగినప్పుడల్లా పిలిచిందెవరో కంప్యూటర్ చూసి వచ్చేలోగా మా సెన్సార్ పిలుపు దాటిపోతోంది.

అన్నే కార్డును పాత చోటికి మార్చాడు. మోటారు తర్వాత మోటారు తిప్పి చూశాం. గీత తెగలేదు. అన్న ముఖం మాత్రం తేటపడలేదు.

"మేనేజరుకు ఏం జెప్తావమ్మా?"

"స్లాటు మారింది, సరిచేసినాం అంటా. మాల సంగతి మనకెందుకు?"

అన్న ఏదీ దాచలేదని నాకనిపించింది. కార్డు చోటు మార్చడం చెప్పాల్సినంత సంగతని ఆయనకు తోచలేదు. పూజకు పెట్టె విప్పుతారని అక్కకు తోచలేదు. ఇద్దరూ తమ పని తాము శ్రద్ధగా చేశారు. ఆ శ్రద్ధల మధ్య నా స్టూలు పోయేది.

"వచ్చే ఏడు మళ్లా ఇప్పుతావా అన్నా?" అన్నాను.

"ఇప్పకుంటే ఎట్ల పాపా? పూజ గదా!"

నా నుదుటి ఎర్ర బొట్టు స్టికరు తీసి, సరైన స్లాటు పక్కన పెట్టె రేకుకు అతికించాను.

సోమవారం కస్టమర్లలో ఒకాయన పెట్టె తెరిపించి చూసి, ఆ ఎర్ర చుక్కేమిటని అడిగాడు. కార్డు ఇల్లు అదేనని చెప్పాను, స్టూలు మీంచి లేవకుండానే.