సుగుణక్క నేర్పిన హాలోవీన్

గుమ్మడికాయ పైభాగాన్ని గుండ్రంగా కోసి మూతలా తీయగానే పచ్చి వాసన ముక్కుకు తగిలింది. పులుసులో ఉడికే గుమ్మడికాయ వాసన కాదిది. తడిగడ్డి మీద పుచ్చకాయ కోసినట్టుండే పల్చటి వాసన. గరిటెతో పీచూ గింజలూ గీకి తీస్తుంటే మోచేతుల దాకా జిగటయింది. మేముండే ప్లేనోలో అక్టోబర్ చివరికి కూడా ఎండ సరిగా వదలదు. వెనక వరండాలో పాత పేపర్లు పరుచుకుని కూర్చున్న నాకు, ఈ పని మొదటిసారి నా చేత చేయించిన మనిషి గుర్తుకొచ్చింది. "చెంచాతోని కాదు, గట్టి గరిటె పట్టు. లోపల పల్చగయ్యేదాంక గీకాలె. లేకపోతే దీపం పెట్టినా ఎలుగు బయటికి రాదు" అనేది సుగుణక్క.

సుగుణక్క మా పక్కింటావిడ. కరీంనగర్ వైపు మనిషి, నాకంటే బాగా పెద్దది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసేది. కూతుళ్లిద్దరూ చదువులకని ఇల్లు వదిలి వెళ్లిపోయారు. మా వీధిలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నా, హాలోవీన్‌ను ఆమెలా పట్టుబట్టి చేసేవాళ్లు ఎవరూ లేరు. పండుగ ఇంకా ఎంతో దూరంలో ఉండగానే ఆమె ఇంటి ముందు గడ్డిలో ప్లాస్టిక్ అస్థిపంజరాలు లేచి కూర్చునేవి. గుమ్మానికి అడ్డంగా దూది సాలెగూళ్లు వేలాడేవి. "బతుకమ్మ పూలు వాడకముందే ఇంటి ముందట బొక్కలు పెడ్తవా?" అని ఆ ఎముకలను చూసి వాళ్లాయన గొణిగేవారు. "పూలూ నేనే పేరుస్త, బొక్కలూ నేనే పెడ్త. నీకేంది కష్టం?" అని ఆమె తన పని తాను చేసుకుపోయేది.

మేం ఆమె పక్కింటికి మారేనాటికి మా అమ్మాయి ఆద్యకు ఆరేళ్లు. ఆద్య మాట్లాడదు. అన్నీ వింటుంది, అర్థం చేసుకుంటుంది, నచ్చితే పకపకా నవ్వుతుంది, కానీ మాట మాత్రం రాలేదు. ఆటిజం అని డాక్టర్లు చెప్పారు. ఆ ఏడాది హాలోవీన్‌కి సీతాకోకచిలుక రెక్కలు కొని తొడిగి, చేతికి చిన్న బకెట్ ఇచ్చి వీధిలోకి తీసుకెళ్లాను. మొదటి కొన్ని ఇళ్లలో అంతా సవ్యంగానే గడిచింది. ఒక ఇంటావిడ మాత్రం చాక్లెట్‌ను పైకెత్తి పట్టుకుని, "ఏమనాలి? చెబితేనే ఇస్తాను" అంది నవ్వుతూ. వేషాలతో వచ్చే పిల్లలు 'ట్రిక్ ఆర్ ట్రీట్' అని మిఠాయి అడగాలని అందరికీ తెలిసిందే. ఆమె మంచిగానే అడిగింది. ఆద్య చాచిన చేయి చాచినట్టే ఉంచి నిలబడింది. వెనకాల పిల్లల గుంపు పెరిగింది. ఎవరో తోశారు. "సారీ, షీ ఈజ్ షై, సారీ" అంటూ నేను ముందుకీ వెనక్కీ తిరుగుతుండగా ఆద్య చెవులు మూసుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. దాన్ని ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను. దారిలో సుగుణక్క మంత్రగత్తె టోపీ పెట్టుకుని తన గుమ్మంలో నిలబడి ఉంది. పలకరించకుండా తల దించుకుని దాటిపోయాను.

మర్నాడు తానే మా ఇంటికి వచ్చింది. వేయించి ఉప్పూ కారం చల్లిన గుమ్మడి గింజలు ఒక డబ్బాలో తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను జరిగింది చెప్పి, "వచ్చే ఏడాది నుంచి వరండా లైట్ ఆర్పేసి లోపలే కూర్చుంటాం అక్కా. మాకెందుకు ఇవన్నీ" అన్నాను. లైట్ వెలగని ఇంటికి పిల్లలు రారు, ఆ ఇంటివాళ్లూ ఎక్కడికీ వెళ్లరు. ఆ పండుగ రోజున అది అందరికీ తెలిసిన సంకేతం.

ఆమె ఆద్య వైపు చూసింది. ఆద్య బకెట్‌లోని చాక్లెట్లను నేల మీద రంగుల వారీగా వరుస పెడుతోంది.

"పోరి వద్దంటున్నదా, నువ్వు వద్దంటున్నవా?"

నేను గింజల డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాను.

"నేనీడికొచ్చిన కొత్తల నాకు ఇంగ్లీష్ రాకపోయేది, రమ్యా. పక్కింటోళ్ల మొకం గూడ సూడకపోతుంటి, ఏమన్న అడుగుతరని భయం. గీ పండుగ రోజు పొద్దుమీకి పిల్లలు తలుపు కొట్టిన్రు. తీసిన, చాక్లెట్ ఇచ్చిన, నవ్విన్రు, పోయిన్రు. అంతే. మాట అవసరమే పడలే. వీధిల నాగ్గూడ ఒక ఇల్లున్నదని ఆ రోజే అనిపిచ్చింది. అసుంటి పండుగను నీ బిడ్డకు లేకుంట చేస్తవా?"

ఆ మాట నాలో ఎక్కడో పడింది. మరుసటి ఏడు ఎండలు కాస్త తగ్గగానే ఆమె పని మొదలుపెట్టింది. రోజూ ఆఫీసు కాల్స్ అయిపోయాక నేనూ ఆద్యా వాళ్లింటికి వెళ్లేవాళ్లం. ఆద్య బెల్ కొట్టాలి, బకెట్ చాచాలి, ఒక్క చాక్లెట్ తీసుకోవాలి, వెనక్కి తిరగాలి. అంతే పాఠం. మొదట్లో అక్క తలుపు తెరవగానే ఆద్య నేరుగా లోపలికి నడిచి సోఫా ఎక్కేది. సుగుణక్క విసుక్కోకుండా చేయి పట్టి బయటికి తెచ్చి, తలుపు వేసి, మళ్లీ తీసేది. కొన్నాళ్లకు టోపీ పెట్టుకుని తీసింది, తర్వాత ముసుగు వేసుకుని తీసింది. వాళ్లాయన్ను కూడా వదల్లేదు. ఆయన రబ్బరు కోరలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని టీవీ చూస్తుంటే ఆద్య దగ్గరికెళ్లి ఆ కోరలు లాగి చూసి కిలకిలా నవ్వింది. వేషం కూడా అక్కే కుట్టింది. కొన్న దుస్తుల లేబుళ్లు గుచ్చుకుంటాయని ఆద్య పీకేసుకునేది. అందుకని ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల నూలు చీర చించి దయ్యం వేషానికి పొడుగాటి గౌను కుట్టింది. "తల మీదికి ముసుగు వద్దు. మొకం కనవడే దయ్యాలు గూడ ఉంటయి" అంది.

ఆద్యకు అంతా వచ్చేసిందని నేను సంతోషపడుతుంటే ఒక సాయంత్రం, "పిల్లకు ప్రాక్టీస్ అయింది. ఇగ నీ వంతు" అంది. నాకు అర్థం కాలేదు. ఆమె తలుపు తీసి చాక్లెట్ పైకెత్తి, గొంతు మార్చి, ఇంగ్లీషులో "ఏమనాలి?" అంది.

"సారీ, షీ డజంట్..."

తలుపు నా ముఖం మీదే మూసుకుంది. లోపలి నుంచి, "సారీ ఎందుకు? ఏం తప్పు చేసినవ్? మల్ల బెల్ కొట్టు."

కొట్టాను. మళ్లీ నోటి నుంచి ముందు వచ్చింది సారీయే. మళ్లీ తలుపు పడింది. నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, చివరికి ఆ మెట్ల మీదే ఏడుపొచ్చింది. ఆమె తలుపు తీయలేదు. కన్నీళ్లు తుడుచుకుని మళ్లీ బెల్ కొట్టాను. ఆమె తలుపు ఓరగా తీయగానే, "నా కూతురు మాట్లాడదు. క్యాండీ కోసం వచ్చింది" అన్నాను ఇంగ్లీషులో, ఆమె కళ్లలోకి చూసి. అప్పుడు పూర్తిగా తెరిచింది. "గట్ల. ఇప్పుడు లోపలికి రా, చాయ్ తాగుదం."

ఆ ఏటి హాలోవీన్ సాయంత్రం సుగుణక్క మాతో రాలేదు. "నా గుమ్మం నేను సూస్కుంట. మీరు పొండ్రి" అంది. ఆద్య తెల్ల గౌనులో ముందు నడిచింది. ఇంటింటికీ బెల్, బకెట్, ఒక్క చాక్లెట్, వెనక్కి. వీధి మలుపులో ఒక ఇంటాయన గుమ్మంలో పొగ యంత్రం పెట్టుకుని, నల్ల అంగీలో నిలబడి ఉన్నాడు. బకెట్ చాచిన ఆద్యను చూసి చాక్లెట్ల గిన్నె వెనక్కి లాక్కుని, "ముందు చెప్పాలిగా?" అన్నాడు. నాలుక చివరికి పాత మాటే వచ్చింది. దాన్ని మింగేశాను. "నా కూతురు మాట్లాడదు. క్యాండీ కోసం వచ్చింది" అన్నాను. నా గొంతు నాకే కొంచెం గట్టిగా వినిపించింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని గిన్నె ఆద్య ముందు పెట్టాడు. అది ఒకటి తీసుకుంది. "ఇంకోటి తీసుకో" అని ఆయనే ఒకటి బకెట్‌లో వేశాడు. ఆద్య దాన్ని తీసి తిరిగి గిన్నెలో పెట్టేసింది. ఒక్కటే అని కదా నేర్చుకుంది! ఆయనా నేనూ ఒకేసారి నవ్వాం. ఆ సాయంత్రం వీధి చివరి ఇంటి దాకా వెళ్లొచ్చాం.

తర్వాత కొన్నేళ్లకు సుగుణక్క వాళ్లు పెద్దమ్మాయి దగ్గరుందామని వర్జీనియాలో షాంటిలీకి వెళ్లిపోయారు. పోయిన చలికాలం సుగుణక్క అక్కడే కన్నుమూసింది. వార్త తెలిసిన రోజు ఆద్య స్కూల్లో నాకు మీటింగ్ ఉంది. వాయిదా వేయమని మా వారన్నారు. వెళ్లాను. బల్లకు అటువైపు కూర్చున్న టీచర్లు, ఆద్య మాటల బదులు బొమ్మలు నొక్కి చెప్పడానికి వాడే ట్యాబ్లెట్‌ను క్లాసులో తగ్గిద్దామన్నారు. తగ్గించడానికి వీల్లేదన్నాను. కారణాలు వరుసగా చెప్పాను. ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ట్యాబ్లెట్ క్లాసులోనే ఉంది.

ఆద్యకిప్పుడు పదమూడేళ్లు. ఇంటింటికీ తిరగడం ఈ ఏడు తానే మానేసింది. చీకటి పడుతుండగా వరండా లైట్ వేసి, కుర్చీ గుమ్మంలోకి లాక్కుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని కూర్చుంది. పిల్లలు వస్తున్నారు. కొందరు అరుస్తున్నారు, కొందరు పాడుతున్నారు, కొందరు అమ్మ వెనక దాక్కుని చేయి మాత్రం బయట పెడుతున్నారు. మా ఎదురింటి చంటివాడు పులి వేషంలో వచ్చి బిక్కమొహంతో నిలబడిపోయాడు. "అక్కకి చెప్పు నాన్నా, చెప్పు" అని వాళ్ల నాన్న వెనక నుంచి తొందరపెడుతున్నాడు. ఆద్య ఏమాత్రం ఆగలేదు. లేచి వెళ్లి వాడి సంచిలో చాక్లెట్ వేసి వచ్చి, తన కుర్చీలో కూర్చుని తర్వాతి వాళ్ల కోసం వీధిలోకి చూసింది.