నూటొకటో సంచీ

సంచీలు కుట్టే షెడ్డులో ధరలు కట్టేవాళ్ళ కుర్చీ ఖాళీ అయిందని తెలిసిన దగ్గర్నుంచీ ఆ ఇంటి తోటికోడళ్ళు ఉప్పూ నిప్పూ అయ్యారు. అంతకుముందు పాలూ నీళ్ళూ అని కాదు గానీ, అన్నం వేళకైనా నాలుగు మంచి మాటలుండేవి.

పెద్దామె కుడిచేతి బొటనవేల్లో మిషను సూది దిగింది. వేలు తెగనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంది గానీ ఆ వేలు ఇక వంగలేదు. నలుగురూ కుట్టేదాంట్లో సగం కూడా కుట్టలేకపోతోంది. "నెలాఖరుదాకా చూస్తానమ్మా, ఆ తర్వాత నావల్ల కాదు" అనేశాడు మేనేజరు. కుర్చీ దొరికితే పని ఉంటుంది, లేకపోతే ఇల్లే. అదే షెడ్డులో కుట్టే చిన్నామెకు వేళ్ళూ బాగున్నాయి, పది కూడా పాసయింది. ఆమె కూడా పోటీకి దిగింది. పరీక్షేమో ఖర్చు, రాబడి, లాభం మీద మూడు లెక్కలు.

ఐదుతో బడి మానేసిన పెద్దామె పొయ్యి ముందు పుస్తకం తెరిచి గొణుక్కునేది. "సంచీల సంఖ్యను ఎక్స్ అనుకొనుము..."

"ఎక్స్ ఎవరక్కా, మీ పుట్టింటి చుట్టమా?"

"నీ నోరు పడిపోను!"

"పడిపోతే నీ తప్పులెవరు చెబుతారు? ఖర్చు తీసుకెళ్ళి రాబడిలో కలిపావు. కళ్ళు కూడా కుట్టేసుకున్నావా?"

చిన్నామె తిడుతూ చెప్పేది, చెబుతూ తిట్టేది. పెద్దామె లెక్కలో పడి మరిచిపోయిన అన్నాన్ని మాడకముందే దించేది. దించి, "మాకు మాడ్చి పెడతావా?" అని మళ్ళీ అరిచేది. ఆ అరుపే పెద్దామెకు వినబడేది, దించిన చెయ్యి కనబడేది కాదు.

"ఒక ఒరలో రెండు కత్తులు తెచ్చుకున్నాన్రా భగవంతుడా" అని అత్తగారు గోడవైపు తిరిగి పడుకునేది.

పరీక్షలో ఆఖరి లెక్క ఇది. మిషను అద్దె పన్నెండువందలు. సంచీకి ఖర్చు నలభై, అమ్మే ధర అరవై. ఎనిమిదివందల లాభం రావాలంటే ఎన్ని అమ్మాలి?

పెద్దామె అరవై ఎక్స్ లోంచి నలభై ఎక్స్ తీసేసింది. అద్దె, లాభం కలిపితే రెండువేలు. ఇరవైతో భాగిస్తే వంద. అక్కడ ఆగితే సరిపోయేది. కానీ ఆ షెడ్డులో ఏ కొత్తరకం సంచీ మొదలెట్టినా తొలిది అమ్మరు. మేకుకు తగిలించి, దాన్ని చూసుకుంటూ మిగతావి కుడతారు. ఇన్నేళ్ళ అలవాటు చేతిని ఊరుకోనివ్వలేదు. వంద కొట్టేసి నూటొకటి అని రాసింది.

మూడూ ఒప్పయిన చిన్నామెకు కుర్చీ దక్కింది.

"మేకు సంచీని మరిచిపోయిందానివి, నువ్వు గెలిచావా?" గుమ్మంలోనే పట్టుకుంది పెద్దామె.

"ఎన్ని అమ్మాలన్నాడు, ఎన్ని కుట్టాలనలేదు. పోనీ మేకు సంచీకి పెట్టిన నలభై కూడా రావాలంటే ఇంకో రెండు, అంటే నూటరెండు అమ్మాలి. నీ లెక్కలోనే నీ లెక్క తప్పక్కా!"

ఆ తర్వాత నెలాఖరుదాకా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఆఖరిరోజు పెద్దామె మిషను సొరుగులోంచి తన కత్తెర తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా బయల్దేరింది.

"కత్తెర పట్టుకుని ఎక్కడికి?" కుర్చీలోంచి కేకేసింది చిన్నామె. "రేపట్నుంచి కొత్తరకం. తొలి సంచీ ఎవరు కుడతారు, మీ ఎక్సా?"

"నా వేలు సంగతి తెలిసీ ఎగతాళా?"

"తొలిది మెల్లగానే కుట్టాలి. తొందరపడితే దాన్ని చూసి కుట్టేవన్నీ పాడవుతాయి. ఇక మీదట తొలి సంచీలన్నీ నీవే. మేనేజరు ఒప్పుకున్నాడు."

"నీ దయాదాక్షిణ్యాలు నాకక్కర్లేదు."

"దయేమిటి నా మొహం! నీ కూలి ఖర్చులో వేసి ధర కట్టాను. నువ్వెళ్ళిపోతే నా మొదటి లెక్కే తప్పవుతుంది. కూర్చో!"

పెద్దామె కత్తెర బల్లమీద ఠపీమని పెట్టింది.

"గుడ్డేదీ? అదీ నేనే వెతుక్కోవాలా?"