పరాయి దారిన పోయే ఉత్తరం

మా కోలారు గనుల ఆఫీసులో కంప్యూటర్ చూసుకునే ఆయన, అందులో ఏ ఉత్తరం పంపాలన్నా ముందు అందులో సగం మాటలు కొట్టేసేవాడు. మా ఉత్తరాలు ఫోను తీగ మీద బెంగళూరులోని ఒక కాలేజీ కంప్యూటర్ గుండా పై ఊళ్ళకు పోయేవి. వాళ్ళు దయతలచి ఊరికే ఇచ్చిన దారి అది. పొదుపు తెలిసిన మనిషని ఆయన్ని మెచ్చుకునేదాన్ని. ఒక్కరోజు మాత్రం పళ్ళు కొరికాను.

ఢిల్లీలో మా కూతురికి కాన్పు కష్టమై ఆపరేషన్ అని కబురొచ్చింది. ట్రంక్ కాల్ కలవలేదు. అల్లుడి ఆఫీసుకు ఆయన చేత ఉత్తరం పంపించాను. సాయంత్రమైనా జవాబు లేదు.

“ఇంగొకటి పంపప్పా, నా ప్రాణం నిలవలేదు.”

“పంపకూడదమ్మా. ఒకరి వాకిట్లో నడుస్తా ఉండాము. మాటిమాటికీ తలుపు తడితే రేపు ఎవురికీ దారి ఉండదు.”

“నీ బిడ్డయితే ఇట్లే కూర్చుంటావా?”

ఆయన ఇంటికి పోలేదు. నా పక్కనే కుర్చీ వేసుకుని తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. చీకటి పడుతుండగా వచ్చిన జవాబును గట్టిగా చదివాడు.

“తల్లీ బిడ్డా బాగుండారంటమ్మా!”

కొంగుతో కళ్ళు తుడుచుకుని, “ఆ కాలేజీవాళ్ళకు ఒక నమస్కారమన్నా రాయప్పా” అన్నాను.

“దానికీ వాళ్ళ దారే కావల్ల కదమ్మా” అని, ఆయన లేచి మా ముందున్న కంప్యూటర్‌కే చేతులు జోడించాడు.