వాదీ అవతలి అక్క

మొన్న ఉదయం వర్షం వల్ల బడులకు సెలవని ఫోన్లో కబురు రాగానే మా మనవరాలు మంచం మీద గంతులు వేసింది గాని, నేను మాత్రం మస్కట్ దార్సైట్‌లోని మా ఫ్లాటు కిటికీ దగ్గర నిలబడి, కింద సిమెంటు గోడల మధ్య బురదనీళ్ళు బుద్ధిగా పారుతూ పోవడం చూస్తూ, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా కదలలేకపోయాను. నలభై ఏళ్ళు దాటినా ఆ నీటి రంగు కంటబడితే నా అరచేతుల్లో చెమట పడుతుంది. ఆ రోజుల్లో మస్కట్‌లో పెరిగినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, వాళ్ళకు ఈ భయాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

అప్పటికి మా పేట ఇంకా పుడుతూనే ఉండేది. నాలుగు మేడలు, మూడు వీధులు, మిగిలినదంతా ఇసుక గుట్టలూ సిమెంటు ఇటుకలూ. మా నాన్న రోడ్లు వేసే కంపెనీలో సర్వేయరు; వారమంతా దూరాన సమాయిల్ ఊరి సైట్‌లో ఉండి శుక్రవారం సెలవు గనుక గురువారం సాయంత్రం ఇల్లు చేరేవాడు. మా మేడ వెనుక ఏడాదిలో పదకొండు నెలలు ఎండిపోయి గులకరాళ్ళతో ఉండే వాగు ఒకటుండేది. దాన్ని అందరూ వాదీ అనేవారు. వాదీకి అవతల ఒమానీల ఇళ్ళూ, వాటి పక్కన సగం కట్టి వదిలేసిన విల్లాలూ. తలుపులు లేని ఆ గదుల్లో, ఇది నా వంటిల్లు, అది నీ పడకగది అంటూ పంచుకుని ఆడుకోవడంకన్నా గొప్ప సుఖం తొమ్మిదేళ్ళ నాకూ, అయిదేళ్ళ మా చెల్లికీ మరొకటి తెలియదు. వాదీ దాటవద్దని అమ్మ ఆన. అమ్మ కునుకు తీసే వేళ మేము దాటేవాళ్ళం.

అవతలి గట్టు మీది ఇంట్లో పనిచేసే ఒకావిడ మాకు తెలుసు. గోదావరి జిల్లా మనిషి. మమ్మల్ని చూసినప్పుడల్లా ఇంటికి పొమ్మని కసిరేది. ఆవిణ్ణి మేము అక్కా అనేవాళ్ళం.

ఆ గురువారం మధ్యాహ్నం మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. దూరాన కొండల మీద మాత్రం ఆకాశం నల్లగా ఉంది. ఆటయ్యాక తిరిగి వస్తూ వాదీ నడిమధ్యకు చేరామో లేదో, చెల్లి చెప్పులో రాయి పడిందని చతికిలబడింది. అప్పుడు వినబడింది, లారీలు వరసగా కంకర దింపుతున్నట్టు ఒక చప్పుడు. ఎక్కడో సైట్‌లో పని జరుగుతోందనుకున్నాను. ఇంతలో గట్టు మీదనుంచి గొంతు చించుకుని ఒక కేక.

“ఏయ్ పిల్లల్లారా! వరదొచ్చేత్తంది, ఇలా వచ్చెయ్యండే! ఇటే, ఇటే!”

నేను ఆ చప్పుడు వైపే తిరిగి చూశాను. మలుపులో గోధుమరంగు గోడ ఒకటి, ముళ్ళకంపలనూ ఖాళీ డ్రమ్ములనూ దొర్లించుకుంటూ కనబడింది. అక్క గట్టు దూకి రాళ్ళ మీద పడుతూ లేస్తూ వచ్చి, చెల్లిని చంకనేసుకుని, నా జడ పట్టుకుని ఈడ్చింది. మమ్మల్ని పైకి నెట్టేసరికి నీళ్ళు ఆమె నడుం దాకా వచ్చేశాయి. ఒక కర్రమొద్దు తగిలి మోకాలు చీరుకుపోయింది. పైకెక్కాక కూడా ఒణుకుతూ తిడుతూనే ఉంది, తిడుతూనే చెల్లి మొహం తన పైటతో తుడిచింది.

ఆ హోరుకు అమ్మ మా మేడ వైపు గట్టుకు పరుగెత్తుకొచ్చింది. మధ్యలో నీళ్ళు. ఆమె నోరు కదలడం కనిపిస్తోంది గాని మాట వినబడదు. సాయంత్రం నీళ్ళు తగ్గేదాకా అలాగే నిలబడింది.

ఆలోగా మరొకటి జరిగింది. అక్క పనిచేసే ఇంటి యజమానురాలిని పనివాళ్ళు అరబ్బీలో అమ్మ అనే అర్థంతో మామా అని పిలిచేవారు. ఆవిడ బయటినుంచి వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది, మంచం పట్టిన ఆవిడ తల్లి గదిలో ఒంటరిగా పిలుస్తోంది. కోపంతో ఊగిపోతూ బయటికి వచ్చి, తడిసిన మమ్మల్ని చూసి, అక్క చెప్పింది విని, తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

చీకటిపడే ముందు మోకాలి లోతు బురదలో నడిచి వచ్చిన అమ్మ మొదట మమ్మల్ని వాటేసుకుంది. తర్వాత నా భుజాలు పట్టి కుదిపింది. “ఎందుకు దాటావే? చెప్పు, ఎందుకు దాటావు?”

ఆ కళ్ళు చూసి నాకు వరదకన్నా ఎక్కువ భయమేసింది. “అక్కే రమ్మంది. చాక్లెట్లిస్తానంది,” అనేశాను. చెల్లి నోరు తెరవబోతే దాని చెయ్యి గిల్లాను.

ఆ మాట నాన్న దాకా వెళ్ళింది. మర్నాడు శుక్రవారం నాన్న ఆ ఇంటికి వెళ్ళి, వచ్చీరాని అరబ్బీలో హిందీ కలిపి, మీ పనిమనిషి మా పిల్లల్ని వాదీ దాటించి పిలుచుకుంటోందని ఫిర్యాదు చేసి వచ్చాడు. అప్పటిదాకా అక్కను నమ్మిన ఆ యజమానురాలు, తల్లిని ఒంటరిగా వదిలి వెళ్ళడమే కాక అబద్ధం కూడా ఆడిందనుకుంది. ఖలాస్, ఇక చాలు అంది. రెండు రోజుల్లో అక్కను కొండల అవతల బహ్లా అనే ఊళ్ళో ఉన్న తన కూతురింటికి పంపేసింది. అక్కకు తెలుగులో మనసు విప్పి మాట్లాడే మనిషంటూ ఉన్నది మా పక్క వీధిలో పనిచేసే ఆమె చెల్లెలొక్కతే. బహ్లా వెళ్ళడంతో వారానికోసారి చూసుకునే ఆ కాస్తా పోయింది.

గట్టు మీద వేరే ఎవరో వాకిలి కడుగుతుండటం కిటికీలోంచి చూశాను. అయినా నిజం చెప్పలేదు. మరుసటి గురువారం భోజనాల దగ్గర చెల్లే చెప్పేసింది. “అక్క మనల్ని పిలవలేదుగా? పొమ్మందిగా?”

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాన్న నావైపు చూశాడు. నేను తల వంచుకుని అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. తెల్లారి కారు తీసి మమ్మల్నందరినీ ఎక్కించాడు.

కొండల మధ్య ఆ సన్నని రోడ్డు మీద గంటలకొద్దీ ప్రయాణం. బహ్లాలో అడిగి అడిగి ఆ ఇల్లు పట్టుకునేసరికి అక్క ఖర్జూరపు తోటలో రాలిన మట్టలు ఏరి మోపు కడుతోంది. మోకాలి కట్టు ఇంకా విప్పలేదు. నాన్న ఆ ఇంటివాళ్ళ ఎదుటే ఆమెకు చేతులు జోడించాడు. అమ్మ నన్ను ముందుకు నెట్టింది. నేను ఆమె మోకాలి కట్టునే చూస్తూ నిలబడ్డాను.

అక్క నన్ను చూసి, అమ్మతో అంది. “అబద్దం ఆడింది చిన్నపిల్లండి. నమ్మింది మీరండి. నన్నొక్క మాట అడిగితే సరిపోయేది కదండీ.”

అమ్మ అక్కడే మట్టల పక్కన కూలబడి ఏడ్చింది. అమ్మ అలా ఏడవడం అంతకుముందు నేను చూడలేదు.

నాన్న మళ్ళీ ఆ యజమానురాలి దగ్గరకు వెళ్ళి తప్పు ఒప్పుకున్నాడు. కూతురికి వేరే మనిషి దొరికేదాకా ఆగమని, రెండు నెలలకు ఆవిడ అక్కను వెనక్కి రప్పించింది. ఆ తర్వాత రెండేళ్ళు అక్క అవతలే ఉంది. అమ్మ పులిహోర పంపితే తిని గిన్నె కడిగి పంపేది గాని, ఎన్నిసార్లు పిలిచినా మా గడప తొక్కలేదు. చెల్లిని చూస్తే నవ్వేది. నన్ను చూస్తే పనిలో పడేది. ఒక వేసవిలో తన ఊరికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు.

ఇప్పుడు వాగుకు గోడలు లేచాయి, వంతెన వచ్చింది, పిల్లలు కింద పార్కులో కెమెరాల కనుసన్నల్లో ఆడుకుంటున్నారు. ఊరివాళ్ళ పిల్లల్ని తమ పిల్లల్లా కసిరే గొంతులు తగ్గిపోయాయి. పరాయి పనిమనిషి మన బిడ్డ జడ పట్టుకుని ఈడిస్తే ఇవాళ ఆమెను ఏం చేస్తామో తలచుకోవాలంటే నాకే జంకు. మా లిఫ్టులో పనికి వచ్చిన కడపవాళ్ళూ గోదావరివాళ్ళూ ఇంటివాళ్ళ చంటిపిల్లల్ని ఎత్తుకుని కనబడినప్పుడు నేను వెంటనే పలకరించి పేరూ ఊరూ అడుగుతాను. అంత ఆత్రంగా అడిగే ఈ ముసలావిడెవరా అన్నట్టు కొందరు చూస్తారు. అమ్మ పోవడానికి ముందు ఒకసారి ఆ అక్క పేరేమిటని అడిగాను. అమ్మకూ తెలియదు. మా ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ అడగలేదు.