శుభ్రమైన గాయాలు ముందు

మా చెల్లెలి కూతురు మద్దిలపాలెంలో ఉండి నర్సింగ్ చదువుతోంది. మొన్న ఆదివారం పెందుర్తిలో మా ఇంటికి వచ్చి, ఆస్పత్రిలో రోగులకు ఇన్ఫెక్షన్ సోకకుండా నర్సింగ్ సిద్ధాంతాన్ని ఎలా అన్వయించాలో వ్యాసం రాయాలనీ, నా సర్వీసులోంచి ఒక ఉదాహరణ చెప్పమనీ అడిగింది. ఏవో రెండు మూడు మంచి సంగతులు చెప్పి పంపాను గాని, నోటిదాకా వచ్చిన అసలు ఉదాహరణ చెప్పలేకపోయాను.

మా నాన్నగారికి పోర్టులో ఉద్యోగం రావడంతో గోదావరి జిల్లా నుంచి ఈ ఊరు వచ్చాం. ఇక్కడే చదువుకుని, ఇక్కడే ఒక ఆస్పత్రి సర్జికల్ వార్డులో చేరాను. గాయాన్ని మాన్పేది ప్రకృతేననీ, ఆ పనికి అడ్డు రాకుండా గాలీ వెలుతురూ పక్కబట్టలూ మన చేతులూ శుభ్రంగా ఉంచడమే నర్సు పని అనీ మా ట్యూటరమ్మ చెప్పేవారు. కట్లు మార్చేటప్పుడు శుభ్రమైన గాయాలు ముందు, చీము పట్టినవి ఆఖరున. మంచానికీ మంచానికీ మధ్య చేతులు కడుక్కోవాలి. పరీక్షలో ఈ ప్రశ్నకు అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు జాలరిపేట నుంచి ఒకాయనను తీసుకొచ్చారు. ఒడ్డుకు లాగుతున్న పడవ ఒరిగి మీద పడటంతో కాలి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. కుట్లు చక్కగా ఆరుతున్నాయి, మళ్ళీ వేటకు ఎప్పుడు పోవచ్చని రోజూ అడిగేవాడు. భార్య మంచం పక్కనే చాప వేసుకుని కనిపెట్టుకుని ఉండేది.

ఒక ఉదయం ఇద్దరు నర్సులు సెలవు పెట్టారు. డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చే వేళవుతోంది, కుళాయేమో వార్డుకు ఆ చివర ఉంది. వరసలో ఎవరు ముందుంటే వారికే కట్టు మారుస్తూ వచ్చాను. జాలరి పక్క మంచం మీద షుగరు జబ్బుతో పాదం చీముపట్టిన పెద్దాయన కట్టు మార్చి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని, జాలరి కట్టు విప్పబోయాను.

"అమ్మా, ఆ పెద్దాయన కాలు ముట్టుకున్న సేతులు కడుక్కోలేదేటి?" అంది జాలరి భార్య, మెల్లగానే.

"మాకు తెలుసులేమ్మా, నువ్వు అవతలికి జరుగు" అన్నాను.

మూడు రోజులకు ఆయనకు జ్వరం వచ్చింది, కుట్ల దగ్గర చీము కనిపించింది. డాక్టరుగారు మండిపడితే, ఇంటికీ ఆస్పత్రికీ తిరుగుతూ భార్యే కట్టు ముట్టుకుని ఉంటుందని మా హెడ్ సిస్టర్ అన్నారు. డాక్టరుగారు అందరి ముందూ ఆమెను తిట్టారు. ఆమె ఒక్కసారి నా వంక చూసింది. నేను కేసు కాగితాలు సర్దుతూ నిలబడ్డాను.

చివరికి ప్లేటు తీసేశారు. నెలల తరబడి మంచాన ఉన్నాక ఆ కాలు పొట్టిదైపోయింది, మోకాలు వంగలేదు. డిశ్చార్జి రోజున ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"దురదెడతందంటే కట్టు మీద సేత్తో రాసినానమ్మా. నాను సేసిందే ఇదంతా. ఆ రోజు మీ సేతుల గురించి ఏదో అనేసినాను, మనసులో ఎట్టుకోకమ్మా."

ఫరవాలేదులే అన్నాను.

ఆ తర్వాత సర్వీసంతా నా వార్డులో చేతులు కడగకుండా ఎవరినీ మంచం దగ్గరకు రానివ్వలేదు. చండశాసనురాలని పేరు తెచ్చుకున్నాను. ఏళ్ళు గడిచాక ఒకసారి ధైర్యం చేసి జాలరిపేట వెళ్ళాను. ఆయన ఇసుకలో కాలు చాపుకుని వలలు బాగుచేస్తున్నాడు. ఆమె నన్ను గుర్తుపట్టి, పీట వేసి కూర్చోబెట్టి, పిల్లల కబుర్లన్నీ చెప్పింది. చెబుదామని వెళ్ళిన మాట చెప్పకుండానే లేచి వచ్చేశాను.

ఇప్పటి వార్డుల్లో పొరపాటు జరిగితే రాసిపెట్టి, ఎందుకు జరిగిందో అందరూ కూర్చుని మాట్లాడుకుంటారట. నర్సు చేతులు కడుక్కుందో లేదో అడగమని రోగి బంధువులకు వాళ్ళే చెబుతారట. మా రోజుల్లో అలా అడిగితే పొగరనుకునేవాళ్ళం. ఆ చీము నా చేతుల నుంచే వచ్చిందని ఇప్పుడెవరూ రుజువు చేయలేరు. కాని ఆ ఉదయం ఏం జరిగిందో చెప్పి ఆమె మీద నింద తీసేయగలిగినదాన్ని నేనొక్కదాన్నే. బతికుంటే ఆమె ఇంకా తననే తప్పుపట్టుకుంటూ ఉండి ఉంటుంది.