విప్పకముందే చెప్పిన కారణం

నా ఉద్యోగపు చివరి సంవత్సరం, అక్టోబర్ మొదటి ఆదివారం మధ్యాహ్నం, నేపర్‌విల్‌లోని మా ఇంటికి వచ్చిన ఒక ఫోన్‌తో ఈ పని మొదలైంది. ఆఫీసు అప్పగించిన పని కాదు. అప్పటికి నేను చికాగో శివార్లలోని ఒక ప్రైవేటు ప్రయోగశాలలో, పాడైన యంత్రభాగాలను పరీక్షించే విభాగంలో ప్రిన్సిపల్ ఇంజనీర్‌ని. బీమా సంస్థలు, లారీల కంపెనీలు విరిగిన షాఫ్టులను, కాలిపోయిన బేరింగులను మాకు పంపేవి. అవి ఎందుకు పాడయ్యాయో మేము నివేదిక రాసి ఇచ్చేవాళ్లం. ప్రతి నివేదిక మీదా రెండు సంతకాలుండాలి: రాసినవారిది, తనిఖీ చేసినవారిది. చివరి పదకొండేళ్లూ నాది రెండో సంతకం. ఇతరులు రాసిన ప్రతి వాక్యాన్నీ అనుమానించడమే నాకు జీతమిచ్చిన పని.

చెప్పబోయేదానిలో రూఢి అయినదేదో, విన్నదేదో ముందుగా వేరు చేస్తాను. కృపారత్నం కారు ఇంజన్‌ను విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కొలతల కాగితాలు చూశాను. ఫోన్‌లో నేనన్న మాట నాకు అక్షరాలా గుర్తుంది. ఆ కారును ఆయన ప్లేనోలో ఒక ముసలాయన దగ్గర కొని, రెండు రోజుల్లో ఇల్లినాయ్ దాకా తోలుకొచ్చాడన్నది ఆయన చెప్పగా విన్నదే. ఆ ఫోన్ తర్వాత తండ్రీకూతుళ్ల మధ్య ఏం జరిగిందన్నది కూతురు చెప్పినదే. రెండో సాక్షి లేరు.

కృపారత్నం మా తెలుగు చర్చి సభ్యుడు, నరసాపురం మనిషి, బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసేవాడు. భార్య పోయి అప్పటికి ఆరేళ్లు. ఒక్కతే కూతురు ఎస్తేర్, ఇక్కడే పుట్టి నర్సింగ్ చదువుతోంది. ఆయన కారు ఎనభైల చివరినాటి జపాన్ తయారీ, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, రోటరీ ఇంజన్‌ది. మామూలు ఇంజన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. రోటరీలో పిస్టన్లుండవు. నడుము కాస్త నొక్కుకున్న కోలగుండ్రటి గదిలో ఉబ్బిన అంచుల త్రికోణపు దిమ్మె గిరగిరా తిరుగుతుంది. దాన్ని రోటర్ అంటారు. ఈ కారులో ముందొకటి, వెనకొకటి, రెండు రోటర్లు. ఒక్కో రోటర్‌కు మూడు కొనలు, ఒక్కో కొనలో సన్నని లోహపు పట్టీ. ఆ పట్టీలు గది గోడను ఒరుసుకుంటూ తిరిగినంతకాలమే లోపలి ఒత్తిడి నిలుస్తుంది. వాటిని కొన సీళ్లంటారు. ఇంజన్ ప్రాణం వాటిలోనే ఉంది.

ఇలాంటి బండిని చల్లగా ఉండగా స్టార్ట్ చేసి వెంటనే ఆపితే లోపల పెట్రోల్ నిండిపోయి మళ్లీ అందుకోదు. అందుకని ఒకసారి తిప్పాక పూర్తిగా వేడెక్కేదాకా నడపవలసిందే. చర్చి పార్కింగులో ఎవరైనా బండి కాస్త పక్కకు పెట్టమంటే రత్నం ఊరంతా చుట్టి వచ్చేవాడు. "పది అడుగులు జరపమంటే పది మైళ్లు తిరిగొస్తావేంటయ్యా" అని పాస్టర్ గారే ఎగతాళి చేసేవారు. "ఏం చేయమంటారండీ, మీ ప్రసంగంలాగే, మొదలెట్టాక మధ్యలో ఆపడానికి లేదు" అని ఆయన జవాబు.

కొన సీళ్లు అరగకుండా, ఇంజన్ నూనెలో కొంత తీసి గదిలోకి చిమ్మే చిన్న పంపును తయారీదారులే పెట్టారు. ఆ నూనె సరిగా కాలదని, మసి కడుతుందని ఈ కార్ల అభిమానుల్లో బలమైన నమ్మకం ఉంది. దాన్ని నిరూపించే కొలతలు నేను వెతికాను, తృప్తికరమైనవి దొరకలేదు. రత్నం మాత్రం నమ్మాడు. పంపు తీసేసి, ఆ చోట రెండు బోల్టులతో ఒక రేకు బిగించాడు. బదులుగా, ట్యాంకు నింపిన ప్రతిసారీ పెట్రోల్‌లో టూ-స్ట్రోక్ నూనె కొలిచి కలిపేవాడు. ఇందులో మెలిక ఒక్కటే: ఇక ఆ ఇంజన్‌కు నూనె అందడం యంత్రం చేతిలో లేదు, ఒక మనిషి జ్ఞాపకం మీద ఆధారపడింది. ఆ సంగతి కారు మీద ఎక్కడా రాసి లేదు.

ఆగస్టు చివర ఆయనకు గుండె బలహీనమై ఆసుపత్రిలో చేర్చారు. మూడు రోజులన్నది మూడు వారాలైంది. బండి కదలకుండా ఉంటే పాడవుతుందని, నడుపుతూ ఉండమని కూతురికి చెప్పాడు. వేడెక్కకుండా ఆపవద్దనీ చెప్పాడు. నూనె సంగతి చెప్పలేదు. ట్యాంకు నిండుగా ఉంది, అది అయ్యేలోగా ఇంటికి వచ్చేస్తాననుకున్నాడట. ఎస్తేర్ రోజూ ఆ కారులోనే ఆసుపత్రికి వెళ్లి, ఆయన గది కిటికీలోంచి కనిపించే చోట నిలిపేది. రెండుసార్లు ట్యాంకు నింపింది. రెండోసారి ఆయన ఇంటికి వచ్చే ముందురోజు, నాన్న తిరిగొచ్చేసరికి నిండుగా ఉండాలని.

ఇక ఆ ఆదివారపు ఫోన్.

"వందనాలక్కా. నాకు డాక్టర్లు ఎక్కువైపోయారు, నా బండికి ఒక్కరూ లేరు. నువ్వు చూడాలి."

ఏం చేస్తోందని అడిగాను.

"పొద్దున చల్లగా ఉన్నప్పుడు బానే స్టార్ట్ అవుతుంది. వేడి మీద ఆపి మళ్లీ తిప్పానా, తిరగడమే గానీ అందుకోదు. నాలాగే, కూర్చుంటే లేవదు."

అప్పటిదాకా వినిపించని గొంతు మధ్యలో వచ్చింది. ఫోన్ స్పీకర్‌లో ఉందని నాకు తెలియదు. "ఆంటీ, నేను టూ టైమ్స్ గ్యాస్ ఫిల్ చేశాను. ఆయిల్ కలపాలని నాకు తెలీదు. నిన్నే డాడీ చెప్పారు. అందుకేనా?"

మా నివేదికల్లో మూడు మెట్లుండేవి. కంటితో చూసి, కొలిచినది 'గమనించినది'. గమనించినదానికి విరుద్ధం కానిది 'పొసగేది'. మిగిలిన అవకాశాలన్నీ కొట్టివేశాక మాత్రమే 'కారణం'. భాగాలు బల్ల మీదికి రాకముందే మూడో మాట వాడిన నివేదికలను నేను సంతకం లేకుండా తిప్పి పంపేదాన్ని. కానీ వేడి మీద అందుకోకపోవడం కొన సీళ్లు పోయినదానికి పేరుపడ్డ లక్షణం. నూనె లేని పెట్రోల్ వాటిని అరగదీస్తుంది. రెండు వాస్తవాలు పక్కపక్కన కనిపించాయి. నేను గీత గీసి వాటిని కలిపేశాను.

"పంపు తీసేసిన బండికి ఆయిల్ లేకపోతే అంతేనమ్మా," అన్నాను. "అందువల్లే."

తర్వాత రత్నం, "పోన్లే అక్కా, బండేగా," అన్నాడు. భోజనమైందా అని నన్ను అడిగి పెట్టేశాడు.

ఆ తర్వాతిది ఎస్తేర్ మాటల్లో విన్నది. ఆయన ఆమెను ఒక్క మాటా అనలేదు. అంతకుముందు కాలేజీ నుంచి రాగానే గరాజ్‌లో ఆయన పక్కన కూర్చునే పిల్ల, గరాజ్ తలుపు తెరవడం మానేసింది. "ఎస్తేరూ, ఒకసారి ఇటు రా" అని ఆయన పిలిస్తే పరీక్షలున్నాయనేది. పరీక్షలు లేవు. ఆయన ఒక్కడే వెళ్లి కారులో కూర్చునేవాడు; తలుపు వేసిన చప్పుడు ఆమెకు వినిపించేది. మూడు వారాల తర్వాత ఆయన్ను మళ్లీ ఆసుపత్రికి తీసుకువెళ్లారు. రెండు రోజుల్లో చనిపోయాడు.

భూస్థాపన అయిన వారానికి వాళ్లింట్లో ఆదరణ కూడిక జరిగింది. ప్రార్థన ముగిసి అందరూ భోజనాలకు లేచినప్పుడు ఎస్తేర్ నా దగ్గరికి వచ్చింది. "ఆంటీ, డాడీ ఇంజన్ ఓపెన్ చేస్తారా? నేనెంత డ్యామేజ్ చేశానో చూడాలి." వద్దనబోయి, చూద్దామన్నాను.

మా మేనేజర్ శనివారాల్లో ప్రయోగశాలలో ఒక పనిబల్ల వాడుకోనిచ్చారు. పద్ధతి మాత్రం మామూలుదే కావాలన్నాను. ఒక అభిప్రాయం ముందే చెప్పినవారు ఆ పనిలో తనిఖీ సంతకం పెట్టకూడదు. అది మా నియమం. కాబట్టి నివేదిక మా విభాగంలోని మరొక ఇంజనీర్ రాశారు, తనిఖీ ఇంకొకరు చేశారు. 'పూర్వ ప్రకటనలు' అన్న గడిలో నా ఫోన్ మాటను నేనే రాసి ఇచ్చాను.

మొదటి శనివారం వాళ్ల గరాజ్‌లోనే, ఇంజన్‌ను దించకముందు, ఒత్తిడి పరీక్ష చేశాం. రోటరీకి ప్రత్యేకమైన మీటరుంటుంది. ఒక్కో రోటర్ మూడు ముఖాల ఒత్తిడినీ విడివిడిగా చూపిస్తుంది. ముందు రోటర్‌లో మూడూ సమానంగా, తయారీదారు ఇచ్చిన హద్దులో ఉన్నాయి. వెనక రోటర్‌లో ఒకటి బాగుంది, రెండు పడిపోయాయి. ఒక కొన సీలు పని చేయకపోతే దాని అటూ ఇటూ ఉన్న రెండు ముఖాలూ పడిపోతాయి. అంటే చెడింది ఆరింటిలో ఒక్కటే. ట్యాంకులోని పెట్రోల్ రెండు గదులకూ ఒకేలా వెళుతుంది. నూనె లేకపోవడమే కారణమైతే, ఒక్కటి చెడి ఐదు క్షేమంగా ఉండడం కష్టం.

ఎస్తేర్ ఎదురుగా నిలబడి నా ముఖం చూస్తోంది. "ఏంటి ఆంటీ?"

"ఇప్పుడే చెప్పకూడదమ్మా. విప్పాలి."

"ఫోన్‌లో టూ సెకండ్స్‌లో చెప్పారు కదా."

ఆమె గొంతు పెంచలేదు. నేను మీటరు కాగితం మడిచి ఫైలులో పెట్టాను. నియమం ప్రకారం నేను చేసింది సరైనదే. ఆ నియమాన్ని నేను పాటించిన సమయమే సరైనది కాదు.

విప్పడానికి మరో రెండు శనివారాలు పట్టింది. రోటర్ల గదులకూ, వాటి మధ్య ఇనుప పలకలకూ నడుమ, ఇంజన్‌ను చల్లబరిచే నీరు, అంటే కూలెంట్, లోపలికి రాకుండా రబ్బరు వలయాలుంటాయి. వెనక గదికున్న వలయం గట్టిపడి ఒకచోట తెగిపోయింది. అది కూర్చునే గాడి అంచును తుప్పు తినేసింది. కూలెంట్ చుక్కలుగా గదిలోకి దిగి, ఒక కొన సీలు తన గాడిలోనే తుప్పుతో బిగుసుకుపోయింది. మిగతా ఐదు సీళ్లనూ మైక్రోమీటర్‌తో కొలిస్తే అన్నీ హద్దులోనే ఉన్నాయి. గాడి అంచులో ఇనుము అంత లోతున పోవడానికి ఎన్ని నెలలు పట్టిందో చెప్పలేము. రెండు ట్యాంకుల కాలంలో జరిగినది కాదని చెప్పగలం. నివేదికలో ఆ ఇంజనీర్ మూడో మెట్టు మాటే రాశారు: కారణం, కూలెంట్ సీలు వైఫల్యం, అది ఆసుపత్రికి ముందే మొదలైంది. నేను తనిఖీ చేసి ఉన్నా సంతకం పెట్టేదాన్ని.

నివేదికను ఎస్తేర్‌కు వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదివి, తెలుగులో చెప్పాను. ఆమె రెండుసార్లు అదే పేజీ తిప్పింది.

"సో, నేను కాదు."

"నువ్వు కాదు. నూనె లేనందువల్ల కొంత అరుగుదల ఉండి ఉండవచ్చు, కొలతకు అందలేదు. ఆ రోజు నేనన్నది తప్పు."

క్షమించమని అడిగాను. ఆమె అది విన్నదో లేదో తెలియదు. లేచి గరాజ్ తలుపు తీసి, లైటు వేసింది. ఎదురుగా పైఅరలో మూడు ఖాళీ కూలెంట్ డబ్బాలున్నాయి. పక్కనే పాత రేడియేటర్ మూత, విప్పి పెట్టిన ఒక గొట్టం. "ఆంటీ, ఇవన్నీ చూస్తే డాడీకి తెలుసు కదా? నా వల్ల కాదని తెలుసు కదా?"

నేను వాటిని చూశాను. మూడు డబ్బాలు ఖాళీ చేశాడంటే నీరు తగ్గడం ఆయన గమనించాడు. మూత మార్చాడంటే, గొట్టం మార్చాడంటే, కారడం బయటెక్కడో ఉందని వెతికాడు. లోపలి సీలు పోయిందని తెలిసినవాడు గొట్టం ఎందుకు మారుస్తాడు? తెలిసీ, కాకూడదని ఆశపడినవాడు మారుస్తాడు. రెండూ ఆ డబ్బాలకు పొసగుతాయి.

"తెలుసని రాయండి ఆంటీ. రిపోర్ట్‌లో లాస్ట్‌లో. ఒక్క లైన్."

రాయలేనని చెప్పాను. ఆమె తల ఊపి లైటు ఆపేసింది. తర్వాత నాకు టీ పెట్టి ఇచ్చింది.

ఈ పని నాకు నేర్పినది కొత్త సూత్రమేమీ కాదు. భాగాలు చూడకుండా కారణం చెప్పకూడదన్నది నాకు ముందే తెలుసు, ఇతరులకు నేర్పాను కూడా. అప్పటిదాకా తెలియనిది ఒకటుంది: తప్పుడు నివేదికను వెనక్కి తీసుకోవడానికి మా దగ్గర ఒక ఫారం ఉండేది, దాని ప్రతి మొదటి నివేదిక అందుకున్న అందరికీ వెళ్లాలని నియమం; నోటిమాటకు అలాంటి ఫారం లేదు. నా మాట విన్నవారు ఇద్దరు. సవరణ ఒక్కరికే అందింది.

రత్నానికి తెలుసా, తెలియదా అన్న ప్రశ్న అలాగే మిగిలింది. ఆ ఆదివారం కూలెంట్ ఏమైనా తగ్గుతోందా అని అడిగి ఉంటే ఆయన చెప్పేవాడు. ఎవరైనా మొదట అడగవలసిన ప్రశ్న అదే. కారణం దొరికిందనుకున్నాను కనుక అడగలేదు.